ఆయిలింజన్‌ను తుక్కుకు వేయొద్దు, బాగు చేసుకుందాం

ఎండాకాలం వచ్చిందంటే మన ఊళ్లలోకి తుక్కు బండ్లు దిగుతాయి. విరిగిన నాగళ్లు, పనికిరాని పంపులు, చిల్లుపడ్డ డ్రమ్ములతోపాటు గొడ్లపాకల్లో మూలన పడి ఉన్న ఆయిలింజన్లు కూడా ఆ బండ్లెక్కి పోతున్నాయి. పాత లిస్టర్ రకం ఇంజన్ మూడు వందల కిలోలకు పైనే తూగుతుంది. కిలోకు ముప్పై రూపాయలు కట్టినా రైతు చేతికి వచ్చేది పది వేల లోపే. ఆ డబ్బు వారం రోజుల్లో ఖర్చయిపోతుంది. ఆగస్టులో కాలువ నీరు ఆగిపోయి నారుమడి నెర్రెలు ఇచ్చినప్పుడు అదే రైతు రోజుకింతని అద్దె ఇచ్చి పక్క ఊరి నుంచి ఇంజన్ తెచ్చుకుంటున్నాడు. అప్పటికి అందరికీ ఒకేసారి అవసరం కాబట్టి అద్దెకు కూడా దొరకదు.

గిట్టుబాటు ధర, పంటల బీమా, అప్పులు, ధాన్యం కొనుగోళ్లు వంటి పెద్ద సమస్యలు ఉండగా ఈ నెల సంపాదకీయం పాత ఇంజన్ గురించి ఏమిటని కొందరు సభ్యులు అడగవచ్చు. ఆ పోరాటాలు ఎలాగూ సాగుతాయి. కానీ పంట చేతికి వస్తేనే గిట్టుబాటు ధర గురించి మాట్లాడగలం. పొట్ట దశలో ఒక్క తడి తప్పితే వరి తాలు పోతుంది. కోత దశలో చేలో నీరు రెండు మూడు రోజులు నిలిస్తే కంకి మొలకెత్తుతుంది. ఆ రెండు సందర్భాల్లోనూ రైతు చేతిలో నీళ్లు తోడే సాధనం ఉందా లేదా అన్నదే ఆ ఏడాది సాగు లాభమా నష్టమా అని తేలుస్తుంది. అందుకే ఈ మాట తొలకరికి ముందే చెప్పాలనుకున్నాం.

ఇంజన్ ఎవరికి అవసరం?

కరెంటు ఉన్నచోట మోటారే మేలు. అందులో వాదన లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చిన తర్వాత మోటారు ఉన్న రైతు డీజిల్ కొని నీళ్లు తోడుకోవాల్సిన పని తప్పింది. అది రైతాంగం కొట్లాడి తెచ్చుకున్న హక్కు. దాన్ని నిలబెట్టుకోవాలి. అయితే ఆ కరెంటు తీగ అందని పొలాలు, అందని రైతులు ఇంకా ఉన్నారు.

మొదటివారు కాలువ చివరి రైతులు. కృష్ణా, గోదావరి డెల్టాల శివారు భూములకు వంతులవారీగా వదిలే నీరు సకాలంలో చేరదు. అవనిగడ్డ, నాగాయలంక, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రైతులను అడిగితే ఈ కథ పూర్తిగా చెబుతారు. కాలువలో అడుగున పారే నీటిని చేలోకి ఎత్తాలన్నా, మురుగు కాలువ నీటిని తోడుకోవాలన్నా ఇంజనే దిక్కు. గట్టు పొడవునా కరెంటు స్తంభాలు ఉండవు. ఇవాళ ఒకచోట, రేపు మరోచోట పెట్టి తోడుకోవాలి. ఆ పని మోటారు చేయలేదు.

రెండోవారు కౌలు రైతులు. వ్యవసాయ కనెక్షన్ భూమి యజమాని పేరు మీద ఉంటుంది. కనెక్షన్ లేని చేను కౌలుకు తీసుకున్నవాడు తన పేరుతో కొత్త సర్వీసు తెచ్చుకోలేడు. 2011 చట్టం వచ్చినా, 2019 చట్టం వచ్చినా కౌలు రైతు గుర్తింపు కార్డు కోసమే నానా తిప్పలు పడుతున్నాడు. 2019 చట్టంలో యజమాని సమ్మతి లేకుండా కార్డు రాదు. అలాంటి రైతు సోలార్ పంపు పెట్టించుకోవాలన్నా పరాయి భూమిలో గుంత తవ్వి పలకలు నిలబెట్టలేడు. వచ్చే ఏడు ఆ చేను తనకు ఉంటుందో లేదో తెలియదు. చక్రాల మీద పెట్టుకుని ఏ చేనికైనా లాక్కుపోగలిగిన ఇంజన్ ఒక్కటే అతని సొంతం.

మూడోది తుపాను వేళ. 1977 నవంబరు 19 ఉప్పెనను దివిసీమ మరచిపోలేదు. ఆ తర్వాత ఎన్ని తుపాన్లు వచ్చాయో లెక్కపెట్టుకోవచ్చు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, కోతకొచ్చిన వరిని, కోసిన పనలను నీట ముంచింది. అలాంటి రోజుల్లో ముందు పోయేది కరెంటు. స్తంభాలు కూలుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు తడుస్తాయి. మబ్బు పట్టి ఉంటుంది కాబట్టి సోలార్ కూడా పనిచేయదు. మురుగు కాలువ పొంగి చేలో నీరు బయటికి పోదు. గట్టు మీద ఇంజన్ పెట్టి నీరు బయటికి తోసిన చేను కొంతైనా దక్కుతుంది. తోడలేని చేను కళ్ల ముందే మొలకెత్తుతుంది.

ఇంజన్ మన ఊరికి వచ్చిన దారి

మోట, ఏతం, గూడలతో నీళ్లు తోడిన కాలం మన తాతలది. 1930 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని డర్స్లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ తయారు చేసిన ఒంటి సిలిండరు ఇంజన్ ప్రపంచమంతా పాకింది. నిమిషానికి ఆరు వందల చుట్లకు కాస్త అటూ ఇటూగా తిరిగే బరువైన ఇంజన్ అది. రెండు పెద్ద ఫ్లైవీళ్లు, పక్కన హ్యాండిల్. నిదానంగా తిరుగుతుంది కాబట్టి తొందరగా అరగదు. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్ ఫౌండ్రీలు లిస్టర్ నమూనాలోనే ఇంజన్లు పోసి దేశమంతటికీ పంపాయి. మన ప్రాంతంలో కరెంటు రాకముందు నీళ్లు తోడింది, వడ్లు మర పట్టింది, పిండి విసిరింది, చెరకు గానుగ తిప్పింది ఇవే.

రాయలసీమ, తెలంగాణ ఊళ్లలో ఇవి ఎందుకు మూలన పడ్డాయో కూడా గుర్తు చేసుకోవాలి. గట్టు మీద పెట్టే పంపు ఇరవై అడుగులకు కాస్త అటూ ఇటూగా మాత్రమే నీటిని పైకి లాగగలదు. భూగర్భ జలం అంతకంటే కిందికి దిగిపోయాక బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి, నీటిలో మునిగే మోటార్లు వచ్చాయి. ఇంజన్‌లో లోపం లేకపోయినా నీరే దానికి అందకుండా పోయింది. చెరువు కింద, వాగు గట్టున, కాలువ పక్కన నీరు చేతికందే ఎత్తులో ఉన్నచోట అది ఇప్పటికీ పనికొస్తుంది. ఫారంపాండ్ల నీటిని చేనికి పెట్టడానికి కూడా పనికొస్తుంది.

బాగు చేసే వరుస

ఏళ్ల తరబడి కదలని ఇంజన్ దగ్గరికి వెళ్లగానే హ్యాండిల్ వేసి బలంగా తిప్పకూడదు. సిలిండరు లైనరుకు, రింగులకు తుప్పు పట్టి అతుక్కుపోయి ఉంటుంది. బలవంతం చేస్తే రింగు విరిగి లైనరును గీస్తుంది. నాజిల్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి కొంచెం పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. తర్వాత ఫ్లైవీల్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపాలి. కదలకపోతే హెడ్ విప్పి, పిస్టన్ మీద చెక్క దిమ్మ ఆనించి మెల్లగా తట్టాలి. ఇనుప సుత్తితో నేరుగా కొట్టవద్దు.

రెండో పని కింద ఉండే నూనె గది. పక్క తలుపు విప్పితే అడుగున నల్లటి జిగురు పేరుకుని ఉంటుంది. నూనె పాలలా తెల్లగా మారితే అందులో నీరు చేరిందని అర్థం. గ్యాస్కెట్ పోయిందో, హెడ్‌కు పగులు వచ్చిందో చూడాలి. గదిని డీజిల్‌తో కడిగి, గుడ్డతో శుభ్రంగా తుడవాలి. దారపు పోగులు అందులో వదలకూడదు. పాత రకం ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ కింద చెంచా లాంటి ముక్క ఒకటి ఉంటుంది. అది తిరిగినప్పుడల్లా నూనెను పైకి చిమ్ముతుంది. అది విరిగిందా, వంగిందా చూసుకోవాలి. రాడ్‌ను పైకీ కిందికీ కదిపితే టకటకమని ఆడుతుంటే బేరింగులు అరిగాయి. వాటిని మార్చకుండా ఇంజన్ నడిపితే క్రాంకు షాఫ్టే పోతుంది.

మూడోది ట్యాంకు, ఫిల్టరు, నాజిల్, ఫ్యూయల్ పంపు. పాత డీజిల్ అంతా పారబోయాలి. ట్యాంకు అడుగున నీరు, తుప్పు, మడ్డి ఉంటాయి. ఫిల్టరు కొత్తది వేయాలి. ఫ్యూయల్ పంపు లోపలి ఎలిమెంటు చాలా సన్నని కొలతలతో చేసిన జత. ఒక పంపులోది తీసి మరో పంపులో కలపకూడదు. ఇసుక కాగితంతో రుద్దకూడదు. నాజిల్‌ను టెస్టింగ్ యంత్రం ఉన్న షాపుకు తీసుకెళ్లి చూపించాలి. డీజిల్ పొగమంచులా సన్నగా చిమ్మాలి, చివర బొట్టు కారకూడదు. కారితే నల్లపొగ, డీజిల్ వృథా, పిస్టన్ కాలిపోవడం వరసగా జరుగుతాయి. టెస్టింగ్ జరిగేటప్పుడు ఆ చిమ్మే చోట చెయ్యి పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గాయం అది.

ఇక్కడే ఒక మాట. డీజిల్ ఖరీదైందని కొందరు వాడేసిన ఇంజన్ ఆయిల్, కల్తీ నూనెలు కలిపి పోస్తున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించిన మాట నిజమే. కానీ పచ్చి నూనె చిక్కగా ఉండి రింగుల దగ్గర, నాజిల్ దగ్గర బంకలా పేరుకుంటుంది. పది రూపాయలు మిగులుతాయని చూసుకుంటే వేలు ఖర్చయ్యే పని మీద పడుతుంది.

నాలుగోది హెడ్. పాత గ్యాస్కెట్లలో రాతినార ఉండవచ్చు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి తడిపి గీకాలి. మసి తీసేసి, వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో అరగదీయాలి. వాల్వు కూర్చున్నాక పైన కిరసనాయిలు పోసి చూడాలి. కిందికి దిగకపోతే వాల్వు సరిగ్గా కూర్చున్నట్టే. స్ప్రింగులు అలిసిపోతే మార్చాలి. హెడ్ బోల్టులు ఒకవైపే బిగించుకుంటూ పోకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. టాపెట్ సందు ఆ ఇంజన్ పుస్తకంలో రాసిన కొలతకే పెట్టాలి. ఒక్కో మోడల్‌కు ఒక్కో కొలత ఉంటుంది. అందాజాగా పెడితే స్టార్టింగే కష్టమవుతుంది.

ఐదోది పిస్టన్ రింగులు, లైనరు. లైనరు పైభాగం ఎక్కువగా అరుగుతుంది. లేత్ షాపులో కొలిపించాలి. కోలగా అరిగిన లైనరులో కొత్త రింగులు వేసినా లాభం లేదు. నూనె తాగుతూనే ఉంటుంది. కొలిచాకే లైనరు మార్చాలా, రింగులు చాలునా తేల్చుకోవాలి. నీటి దారిని కూడా ఈ దశలోనే శుభ్రం చేయాలి. ఉప్పు కయ్యల నీరు, కాలువ ఒండ్రు కలిసి లోపల పొర కడతాయి. దాంతో నీరు ఆడక ఇంజన్ వేడెక్కుతుంది. వేడెక్కిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. ఆపి, దానంతటది చల్లారేదాకా ఆగడమే పద్ధతి.

చివరిది స్టార్టింగ్. ముందు ఫ్లైవీళ్లను పరిశీలించాలి. పగులు ఉన్నా, షాఫ్టుకు బిగించే కీ వదులైనా ఆ ఇంజన్‌ను తిప్పవద్దు. తర్వాత డీజిల్ గొట్టం నట్లు వదులు చేసి బుడగలు పోయేదాకా గాలి తీయాలి. వాల్వు ఎత్తిపెట్టే లివరు వేసి హ్యాండిల్ తిప్పుతుంటే నాజిల్ దగ్గర క్రీక్ క్రీక్‌మని చప్పుడు రావాలి. ఆ చప్పుడు వస్తేనే డీజిల్ అందుతున్నట్టు. వేగం అందుకున్నాక లివరు వదలాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచాలి. వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. అంటుకోగానే హ్యాండిల్ తీసేయాలి.

మొదటి అరగంట లోడు వేయకుండా నడిపి పొగ చూడాలి. నల్లపొగ అయితే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ పోకపోతే కంప్రెషన్ చాలడం లేదు, లేదా లోపలికి నీరు వస్తోంది. గవర్నరు పట్టేసి ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తితే డీజిల్ లివరు మూసేయాలి. అప్పటికీ ఆగకపోతే గాలి లోపలికి వెళ్లే దారికి చెక్కపలక అడ్డం పెట్టాలి. అందుకే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పలక పక్కనే ఉంచుకోవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ చేతితో మూయవద్దు. కండువా, లుంగీ, చీర కొంగు బెల్టు దగ్గరికి రానివ్వకూడదు. నీరు అందడం లేదని ఇంజన్‌ను బావిలోకి దించి నడిపితే పొగకు ఊపిరాడక మనుషులు చనిపోతున్నారు. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు కూడా పోతున్నారు. ఆ పని చేయనే వద్దు.

ఇంజన్ బాగుపడితే సరిపోదు. దానికి తగిలించిన పంపు, ఫుట్‌వాల్వు, సక్షన్ పైపు కూడా చూసుకోవాలి. ఫుట్‌వాల్వు పూడుకుపోయినా, పైపు సన్నగా ఉన్నా, అనవసరంగా వంపులు ఉన్నా ఇంజన్ శ్రమంతా అక్కడే పోతుంది.

డీజిల్ లెక్క

సరిగ్గా ఉన్న ఐదు హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి లోడు మీద గంటకు లీటరుకు కాస్త అటూ ఇటూగా డీజిల్ తాగుతుంది. నాజిల్ కారుతూ, రింగులు అరిగిన ఇంజన్ అదే పనికి పావు లీటరు ఎక్కువ తాగిందనుకుందాం. సీజనులో రెండు వందల గంటలు నడిస్తే 50 లీటర్లు వృథా. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 4,750 రూపాయలు. ఆ డబ్బుతో నాజిల్, ఫిల్టరు, గ్యాస్కెట్, రింగుల వంటి చిల్లర ఖర్చులు చాలావరకు తీరుతాయి. మరమ్మతును ఖర్చుగా చూసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

డీజిల్ ధర ఇంత కావడానికి కారణం పాలకుల విధానాలే. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తివేసింది. డీజిల్ ఇప్పటికీ జీఎస్టీలో లేదు. కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తే, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం వ్యాట్, అదిగాక లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో 27 శాతం వ్యాట్. రోడ్డు ఎక్కని ఇంజన్‌లో పోసే డీజిల్ మీద రోడ్డు సెస్సు ఎందుకు కట్టాలో ఎవరూ చెప్పరు.

రాయితీ ఇవ్వడం కుదరదనేవారికి రెండు ఉదాహరణలు. మన రాష్ట్రంలోనే సముద్రంలో వేటకు వెళ్లే మరపడవలకు లీటరుకు 9 రూపాయల డీజిల్ రాయితీ 2019 నుంచి ఉంది. మత్స్యకార సోదరులకు అది అందడం న్యాయం. అదే న్యాయం గట్టు మీద ఇంజన్ పెట్టుకున్న రైతుకు ఎందుకు వర్తించదు? ఇక బీహారులో వానలు ముఖం చాటేసినప్పుడు నీళ్లు తోడుకునే రైతుకు డీజిల్ సాయం ఇస్తున్నారు. 2023 ఖరీఫ్‌లో లీటరుకు 75 రూపాయల చొప్పున, ఎకరాకు ఒక తడికి పది లీటర్లు లెక్కగట్టి 750 రూపాయలు ఇచ్చారు. మనకంటే పేద రాష్ట్రం ఇవ్వగలిగింది మన ప్రభుత్వాలు ఇవ్వలేవా?

తరిగిపోతున్న మెకానిక్కులు

డబ్బు ఉన్నా ఇంజన్ బాగు చేసే మనిషి దొరకడం కష్టమవుతోంది. చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్కులు ఒకప్పుడు మండల కేంద్రానికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వాళ్లు ముసలివాళ్లయ్యారు. పిల్లలు ఆ పనిలోకి రాలేదు. రావడానికి గిట్టుబాటు ఏముంది? మనం కూడా నాజిల్‌కు పెట్టిన డబ్బు గురించి అడగం గానీ మెకానిక్ కూలి దగ్గర మాత్రం బేరమాడతాం. మన పంటకు గిట్టుబాటు ధర కావాలని అడిగే మనం ఆ మనిషి చెమటకు కూడా గిట్టుబాటు ఉండాలని ఒప్పుకోవాలి.

కొత్త ఇంజన్లు, యంత్రాల సంగతి ఇంకో రకం. విడిభాగం ఒక్కటే దొరకదు, సెట్టంతా కొనమంటారు. కొలతల పుస్తకం ఇవ్వరు. బయటి మెకానిక్ చెయ్యి పెడితే వారంటీ పోతుందంటారు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. కంపెనీ తనకు ఇష్టమైతే ఇచ్చే సమాచారంతో రైతుకు హక్కు రాదు. విడిభాగాలు, కొలతల పుస్తకాలు, పనిముట్లు ఎవరికైనా అమ్మి తీరాలని చట్టం చేయాలి. పాత లిస్టర్ రకం ఇంజన్ డెబ్బయ్యేళ్ల తర్వాత కూడా లేస్తోందంటే దాని ముక్కలు ఏ ఊరి లేత్ షాపులోనైనా చేసుకోగలగడమే కారణం. రేపటి యంత్రాలకు కూడా ఆ వీలు ఉండాలని అడుగుతున్నాం.

కొందరు మిత్రులు మరో ప్రశ్న వేస్తున్నారు. కాలువలకు నీళ్లు సరిగ్గా వదిలితే, మురుగు కాలువల పూడిక తీస్తే ఇంజన్‌తో పనేముంది, మనమే ఇంజన్లు సిద్ధం చేసుకుంటే ప్రభుత్వం బాధ్యత తప్పించుకోదా అని. ప్రశ్న సరైనదే. శివారు భూమికి నీరు చేర్చడం, డ్రెయిన్లు బాగు చేయడం ప్రభుత్వం పని. ఆ డిమాండును ఒక్క అంగుళం కూడా తగ్గించం. అయితే ధర్నా చేసిన రోజే డ్రెయిన్ పూడిక తీయరు. ఆ లోపల చేను ఎండకుండా, మునగకుండా చూసుకోవాలి. పంట పోగొట్టుకున్న రైతు మరుసటి ఏడాది పోరాటానికి రాలేడు, అప్పు తీర్చడానికి వలసపోతాడు. దాహం వేసినప్పుడు బావి తవ్వినట్టు కాకూడదనే ముందుగా చెబుతున్నాం.

ప్రభుత్వం చేయాల్సింది

సాగునీరు తోడుకోవడానికీ, ముంపు నీరు బయటికి పంపడానికీ వాడే డీజిల్‌కు రాయితీ ఇవ్వాలి. పట్టాదారుకు కాకుండా సాగు చేస్తున్న రైతుకు, కౌలుదారుకు నేరుగా అందాలి. రైతు సేవా కేంద్రాల్లో, సహకార సంఘాల్లో నాజిల్ టెస్టింగ్ యంత్రం, అద్దెకు ఇచ్చే ఇంజన్లు ఉంచాలి. తొలకరికి ముందు ఒకసారి, తుపాన్ల కాలానికి ముందు మరోసారి మండలాల్లో మరమ్మతు శిబిరాలు పెట్టాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను ఆ శిబిరాలకు పంపితే వాళ్లకు పని వస్తుంది, మనకు ఇంజన్ నడుస్తుంది. డీజిల్ పంపులను తొలగించడం 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం లక్ష్యాల్లో ఒకటి. సోలార్ పంపులు రావాలి, వ్యతిరేకించం. కానీ సోలార్ పెట్టుకునే వీలు లేని శివారు రైతును, కౌలు రైతును లెక్కలోంచి తీసేయవద్దు.

సంఘం చేయాల్సింది

ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలోనే ఊళ్లో ఎన్ని ఇంజన్లు ఉన్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని మూలన పడ్డాయి అని పుస్తకంలో రాయాలి. వాటి పక్కనే ఆ పని తెలిసిన మెకానిక్కుల పేర్లు కూడా రాసుకోవాలి. టాపెట్ సందు కొలిచే గేజీ, వాల్వు అరగదీసే కర్ర, పుల్లరు, స్పానర్ల సెట్టు వంటివి తలా కొంత వేసుకుని కమిటీ తరఫున కొనాలి. ఒక్కొక్కరు కొంటే భారం, పదిమంది కొంటే తేలిక. ఊళ్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను, ఆసక్తి ఉన్న ఆడపిల్లలను కూడా, పాత మెకానిక్ పక్కన కూర్చోబెట్టాలి. ఇంజన్ విప్పే రోజున అందరూ చూడాలి. విప్పిన ప్రతి ముక్కనూ వరుసగా గోనెసంచి మీద పెట్టి, ఏది ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

బాగుపడిన ఇంజన్ నెలకు ఒక్కసారైనా అరగంట నడపాలి. నడిపాక ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టదు. నీటి గదిలో నీరు వదిలేసి పైన పరదా కప్పాలి. పొగగొట్టం మూతికి డబ్బా బోర్లించాలి, లేకపోతే వాన నీరు నేరుగా లైనరులోకి దిగుతుంది. మళ్లీ నడిపే ముందు ఆ డబ్బా తీయడం మరచిపోవద్దు.

అన్ని ఇంజన్లూ బతకవు. క్రాంకు షాఫ్టు విరిగినదీ, బాడీ పగిలినదీ ఉంటుంది. దాన్ని కూడా తుక్కుకు వేసే ముందు మంచి ముక్కలు విప్పి కమిటీ దగ్గర పెట్టండి. ఒకదాని ఫ్లైవీల్, ఇంకొకదాని ఫ్యూయల్ పంపు కలిసి మూడో ఇంజన్‌ను లేపుతాయి. తొలకరికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. గ్రామ కమిటీలు తమ జాబితాలను వచ్చే నెల మండల సమావేశానికి తీసుకురావాలి. ఎన్ని ఇంజన్లు లేచాయో, వేటికి ఏ విడిభాగం దొరకలేదో అక్కడ లెక్క చూసి, ఆ లెక్కతోనే అధికారుల దగ్గరికి వెళదాం.